రెండు మీటర్ల లోపు

“దొంగ” అన్న మాట రాఘవేందర్ మూడోసారి అనేసరికి నాకు ఇగ ఆగలేదు. చేతిలో ఉన్న చాయ్ గ్లాసు ఆయన బల్ల మీద ఠక్కున పెట్టిన. నాలుగు చుక్కలు ఆయన కాయితాల మీద పడ్డయి. పడనీ!

“మత్తయ్య భార్య తలుపు అవతలనే కూసున్నది సార్. ఆ మాట జర మెల్లగ అనున్రి. లేకుంటే రుజువు చూపెట్టి గట్టిగ అనున్రి.”

“రుజువు ఏందమ్మా? మనిషి లేడు, పెట్టె లేదు. ఇంకేం గావాలె?”

నా పేరు డోర్కాస్. తొండుపల్లిల మందుల దుకాణం పైన ఒక్క గది కిరాయికి తీసుకొని డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్న. ఏజెన్సీ అంటే పెద్దగ ఊహించుకోకున్రి. నేనే ఓనర్, నేనే గుమస్తా, నేనే బంట్రోతు. పొద్దుగూకినంక ఆ గదికి పోతే నాతోని మాట్లాడేది ఫ్యాన్ చప్పుడే. అంతకుముందు ఎనిమిదేండ్లు ఇంకొకాయన దగ్గర పనిచేసిన. ఆయనతోని పడక బయటికొచ్చిన. ఆ పుణ్యాత్ముడే ఇప్పుడు రాఘవేందర్ పక్క కుర్చీల కాలు మీద కాలేసుకొని కూసున్నడు. పేరు ఉపేందర్. పోయిన పెట్టెను వెతకమని కంపెనీ ఆయనను పెట్టుకున్నది. పోయిన మనిషిని వెతకమని మత్తయ్య భార్య లీలమ్మ నన్ను పెట్టుకున్నది.

కంపెనీ పేరు వనరేఖ సర్వే, మేనేజర్ రాఘవేందర్. ఎయిర్‌పోర్ట్ గోడకు ఆనుకొని రేకుల షెడ్డు. అడవుల చెట్ల బరువు లెక్కగట్టుడు వీళ్ళ పని. ఒక్క చెట్టు కొట్టరు, ఒక్క కొమ్మ తూకం వెయ్యరు. కిరాయి విమానం అడవి మీద తిరుగుతది. దాని కడుపుల ఉన్న యంత్రం కిందికి లేజర్ కిరణాలు కొడుతది. కిరణం కొంత ఆకుకు తగిలి, కొంత కొమ్మకు తగిలి, కొంత నేలకు తగిలి తిరిగొస్తది. ఎంతసేపట్ల తిరిగొచ్చిందో చూసి చెట్టు ఎత్తు చెప్తరు. ఎత్తును బట్టి బరువు. అంత ఎత్తున ఊగుకుంట పోయే విమానం సరిగ్గ ఎక్కడున్నదో తెల్వాలె గదా. అందుకని కింద పాల్మాకుల అవతల ఒక గుట్ట మీద మూడు కాళ్ళ స్టాండు పెట్టి, దాని మీద ఉపగ్రహాల సిగ్నల్ పట్టే పెట్టె పెడతరు. విమానం ఎగిరినంతసేపు ఆ పెట్టె కదలొద్దు. దానికి కావలి మత్తయ్య. మే నెల ఎండల పొద్దంత ఒక్కడే కూసోవాలె. విమానం దిగినంక “ఇగ తీసెయ్” అని ఫోన్ వస్తది. అప్పటిదాక పెట్టెను ముట్టొద్దు, విడిచిపెట్టి పోవొద్దు.

పోయిన గురువారం పొద్దుగాల మత్తయ్య ఆ గుట్ట ఎక్కిండు. మళ్ళ ఇంటికి రాలే. ఇయ్యాల సోమవారం.

“గురువారం మీరు ఎక్కడున్నరు సార్?” అని అడిగిన.

“నాలుగింటిదాక గీ కుర్చీలనే.”

“జీపు?”

“డ్రైవర్ లీవు. షెడ్డుల్నే ఉన్నది.”

“మత్తయ్యకు ఫోన్ ఎప్పుడు చేసిన్రు?”

“ఒంటి గంటకు. ఎత్తలే. నాలుగింటికి విమానం దిగినంక నేనే ఆటో పట్టుకొని గుట్ట కాడికి పోయిన. స్టాండు లేదు, పెట్టె లేదు, మనిషి లేడు. పోలీసులకు కంప్లైంట్ ఇచ్చిన.”

“ఒంటి గంటకు ఫోన్ ఎత్తకుంటే నాలుగింటిదాక ఆగిన్రా? ఆయనకు ఏమన్న అయ్యిందేమో అనిపియ్యలేదా?”

రాఘవేందర్ పెన్ను మూత తీసి మళ్ళ పెట్టిండు. జవాబు ఉపేందర్ ఇచ్చిండు.

“డోర్కాస్, నువ్వు ఇంక గట్లనే ఉన్నవ్. మనిషి కనపడకపోతే నీకు కడుపుల దేవుతది. నాకు సామాను గావాలె. మత్తయ్య ఆ పెట్టెను ఎవనికో అమ్ముకోని ఏ బొంబాయిలనో ఉండుంటడు. రెండు రోజులల్ల పట్టుకుంటా.”

“పట్టుకో అన్నా. ఎవరు వద్దన్నరు?”

“నీకు ఫీజు ఏమిస్తున్నది ఆమె? ప్రార్థనలా?”

అని నవ్విండు. నేను నవ్వలే. ఎనిమిదేండ్లు ఆ నవ్వు విన్న, సరిపోయింది.

లేచి తలుపు దాక వచ్చిన. వెనక నుంచి రాఘవేందర్ పిలిచిండు. “అమ్మా, మత్తయ్య గిట్ల దొరికితే ముందు మాకు చెప్పున్రి.”

సరే అన్న. నేను చెప్పులు తొడుక్కునేలోపల మళ్ళ అదే మాట. “ముందు మాకే. ఏ టైమైన సరే.”

పోయింది పెట్టె. అడుగుతున్నది మనిషిని. ఇదేం లెక్కనో నాకు అర్థం కాలే. అప్పటికైతే మనసుల పెట్టుకున్న.

*

లీలమ్మను స్కూటీ మీద ఎక్కించుకోని పాల్మాకుల దిక్కు పోయిన. నలభై అయిదేండ్ల మనిషి, సన్నగ, గట్టిగ ఉంటది. పిల్లలు లేరు. ఆయనకు ఆమె, ఆమెకు ఆయన. దారి పొడుగున ఒక్కటే మాట మాట్లాడింది.

“నిన్న మందిరంల నా బెంచీ మీద నేనొక్కదాన్నే కూసున్న చెల్లె. ఎప్పుడు నలుగురం ఇరుక్కోని కూసుండేది. నిన్న ఎవ్వరు రాలే. పాటల పుస్తకం పక్కన పెడితే బెంచీ అంత ఖాళీ.”

స్కూటీ నడిపిన. నాకూ ఆదివారం పొద్దున ఎవ్వరి పక్కన కూసోవాల్నో తెల్వక మందిరం బంద్ పెట్టి రెండేండ్లయితుంది. ఆమెకు చెప్పలే.

గుట్ట కింద మట్టిబాట. అక్కడ స్కూటీ ఆపి పైకెక్కినం. పైన అంత బోడ బండ. ఎర్ర రంగుతోని ఒక గుండ్రం గీసి ఉన్నది, దాని చుట్టు స్టాండు కాళ్ళ కోసం మూడు గీతలు. అంతే. నిలబడితే చెప్పుల్లకెల్లి కాళ్ళు కాలుతున్నయి. నీడ కోసం నలుదిక్కుల చూసిన. చెట్టు లేదు. తుమ్మ లేదు, తంగేడు లేదు, ఆఖరికి మోకాలెత్తు కంప గూడ లేదు.

“గొడుగన్న తెచ్చుకునేటోడా అక్కా?”

“లేదు. నేను పోరు పెట్టేదాన్ని. గొడుగు పట్టుకుంటే పెట్టెకు ఆకాశం కనపడదంట. చెట్టు కింద పెట్టొద్దంట. అందుకే చెట్టు లేని జాగ చూసిన్రంట. నెత్తి మీద తువ్వాల గప్పుకోని కూసుంట, నాకేమయితది అనేటోడు.”

ఏం బుద్ధి వీళ్ళది! ఊరంత అడవుల చెట్లు లెక్కపెట్టేటోళ్ళు, తమ మనిషికి చేతెడు నీడ లేకుండ చేసిన్రు. నాకు కోపంతోని కండ్లల్ల నీళ్ళొచ్చినయి.

నెత్తి మీదికెల్లి ఒక పెద్ద విమానం చక్రాలు దించుకోని పోయింది. ఎంత దగ్గరికెల్లి అంటే కిటికీలు గూడ కనపడ్డయి. రెండు వందల మంది ఉంటరేమో అండ్ల. ఒక్కరన్న కిందికి చూసి ఉంటరా ఆ గురువారం?

ఎర్ర గుండ్రం కాడి నుంచి బండ అంచు వెంబడి వంగి వెతుక్కుంట పోయిన. ఉపేందర్ మనుషులు ముందే వచ్చి పోయిన్రంట. బీడీ ముక్కలు ఏరుకోని పోయుంటరు. రెండు బండల మధ్యల జానెడు సందు ఉన్నది. లోపల చీకటి, కొంచెం చల్లగ. చెయ్యి పెడితే స్టీలు తగిలింది. టిఫిన్ డబ్బా. బువ్వ ఎండకు చెడకుండ లోపలికి తోసి పెట్టుకున్నడు.

లీలమ్మ నా చేతిలకెల్లి గుంజుకున్నది. మూత తియ్యంగనే కుళ్ళిన వాసన, చీమలు. పప్పు అట్లనే ఉన్నది. చెయ్యి గూడ పెట్టలే.

“మామిడికాయ పప్పు. ఆయనకు ప్రాణం. ఇది తినకుండ యాడికి పోతడు చెల్లె?”

డబ్బాను కొంగుతోని తుడిచి ఒళ్ళె పెట్టుకున్నది. ఏడువలే. ఏడిస్తే నాకు జర నయముండేది.

నేను బండ మీద కూలబడి ఆలోచించిన. దొంగతనం చేసేటోడు ఆదరాబాదర డబ్బా మరిచిపోయిండు అనుకుందాం. కాని మత్తయ్య పొద్దుగాల ఆరింటికి ఇల్లు విడిచిన మనిషి. పన్నెండు కొట్టంగనే తింటడని లీలమ్మ చెప్పింది. తినలేదంటే పన్నెండుకు ముందే ఏదో అయ్యింది. పారిపోయిండా, పడిపోయిండా? ఈ బండ మీద రెండో మాటే నాకు నిజమనిపించింది. పడిపోతే మరి మనిషేడి? పెట్టె ఏది?

*

పైనుంచి చూసినోళ్ళను అడగాలె. విమానంల లేజర్ యంత్రం నడిపేది అరుణ. గుంటూరు దిక్కు పిల్ల, బడంగ్‌పేట్‌ల ఆడపిల్లల హాస్టల్‌ల ఉంటది. సాయంత్రం నేను పోయేసరికి మంచం మీద ఒళ్ళె కంప్యూటర్ పెట్టుకొని కూసున్నది. గదిల ఇంకో మంచం ఖాళీ.

“మేడమ్, ఇవి బయటివాళ్ళకి చూపిస్తే నా ఉద్యోగం పోతుంది” అన్నది.

“నీ ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతది బిడ్డా. లీలమ్మకు ఇంకో మత్తయ్య దొరకడు.”

ఆ పిల్ల మొఖం వంచుకున్నది. “రోజూ ఆయనకి ఫోన్ చేసేది నేనే మేడమ్. ‘తీసేయండి మత్తయ్య గారూ’ అంటే, ‘దిగినవా తల్లీ, సల్లగుండు’ అనేవారు. గురువారం మాత్రం రాఘవేందర్ గారు ‘నువ్వు చెయ్యకు, నేను చేస్తాలే’ అన్నారు.”

“ఎన్నింటికి అన్నడు?”

“విమానం దిగగానే. నాలుగింటికి.”

ఒంటి గంటకే ఫోన్ ఎత్తలే అన్న మనిషి, నాలుగింటికి నేను చేస్తలే అంటడా? మొదటి అబద్ధం దొరికింది.

“ఆ గుట్ట మీదికెల్లి పోయినవా?”

“మూడుసార్లు. ఎత్తు సరిచూసుకోవడానికి బేస్ పెట్టె మీదుగా బాగా కిందికి వచ్చి దాటుతాం. ఉదయం ఎనిమిదికి, పన్నెండున్నరకి, మళ్ళీ మూడు దాటాక.”

కంప్యూటర్ తెరిచి చూపెట్టింది. చెట్టున్న కాడ పచ్చ, లేని కాడ గోధుమ రంగు. అడవి అంత పచ్చగ పరుచుకొని ఉన్నది. పన్నెండున్నర బొమ్మల గుట్ట మొత్తం గోధుమ రంగే. గుట్ట కింద, మట్టిబాట మీద మాత్రం సన్నగ, పొడుగ్గ ఒక్క పచ్చ గీత.

“ఇదేంది?”

“రెండు మీటర్లకి కాస్త పైన ఉంది. చిన్న చెట్టేమో.”

“నేను ఇయ్యాలనే ఆడ మాడి మసై వచ్చిన. చెట్టు లేదు. పొద్దుటి బొమ్మ తియ్యి.”

తీసింది. పచ్చ లేదు. మూడు దాటినంక తీసిన బొమ్మల గూడ లేదు.

“బిడ్డా, పగటిపూట మొలిచి సాయంత్రం మాయమయ్యే చెట్టు నీ చదువుల ఏమన్న ఉన్నదా?”

అరుణ గోరు కొరుక్కున్నది. తర్వాత మెల్లగ చెప్పింది. వాళ్ళ పద్ధతి ఏందంటే, రెండు మీటర్ల లోపు తగిలినదంత చెట్ల లెక్కలకు రాదు. గడ్డి గానీ రాయి గానీ మేక గానీ, అదేందని చూడరు. అన్నిటిని ఒక్క మీట నొక్కి “పొదలు” అనే గంపల వేస్తరు. పైన ఉన్నదే చెట్టు.

“ఆ గంప తెరువు.”

తెరిచింది. పక్క నుంచి చూపెట్టింది. నల్లటి తెర మీద చుక్కలు లేచినయి. మట్టిబాట మీద పచ్చ గీత కింద చుక్కలు చుక్కలుగ ఒక పెట్టె ఆకారం. ముందట బానెట్టు, వెనక టాపు. టాపు మీద నిచ్చెన. ఆ నిచ్చెన ఒక్కటే రెండు మీటర్లు దాటింది. అందుకే చెట్టయ్యింది. కింద జీపు మొత్తం పొదలల్ల కలిసింది.

“నిచ్చెన కట్టి ఉండేది మా కంపెనీ జీపే” అన్నది అరుణ.

షెడ్డుల్నే ఉన్నది అన్నడు గదా! రెండో అబద్ధం.

“గుట్ట పైకి పోనియ్యి.”

స్టాండు కనపడ్డది, మూడు కాళ్ళు, మీద పెట్టె. దాని పక్కన నేలకు జానెడు ఎత్తుల కొన్ని చుక్కలు, వరుసగ, ఒక మనిషి పొడుగు.

“రాయి అయ్యుంటుంది...” అని ఆగింది. “కాదు. ఉదయం ఆ రాయి లేదు మేడమ్.”

పొద్దుటి బొమ్మల అదే జాగల చుక్కలు నడుమెత్తు కుప్పగ ఉన్నయి. కూసున్న మనిషి. పన్నెండున్నరకు పండుకున్న మనిషి. పన్నెండు దాటినా బువ్వ ముట్టని మనిషి.

మూడో బొమ్మ నేనే తియ్యమన్న. నాకు చూడాలని లేదు. స్టాండు లేదు. జీపు లేదు. పండుకున్న చుక్కలు మాత్రం ఉన్నయి. ఎర్ర గుండ్రం కాడ కాదు, దూరంగ, గుట్ట వాలు మీద, బాట దిక్కు.

“కదిలారు” అన్నది అరుణ. “బతికే ఉన్నారు మేడమ్. పాక్కుంటూ వెళ్ళారు.”

అప్పుడు నాకు మొత్తం అర్థమయ్యింది. రాఘవేందర్ ఏదో పనికి జీపేసుకొని వచ్చిండు. వడదెబ్బకు పడిపోయిన మత్తయ్యను చూసిండు. చచ్చిపోయిండు అనుకున్నడు. పనిల మనిషి చచ్చిపోతే ఎంక్వైరీ, కేసు, అడవి కాంట్రాక్టు గల్లంతు. దొంగ అయితే ఏ పరేషాన్ లేదు. అందుకే పెట్టెను జీపుల వేసుకొని, మనిషిని ఎండకు వదిలేసి పోయిండు. నాలుగింటికి శవాన్ని మాయం చేద్దామని వచ్చి చూస్తే శవం లేదు. అప్పటి సంది ఆయన వెతుకుతున్నది పెట్టెను కాదు.

యంత్రాన్ని నీడకు తీసుకపోయిన్రు. మనిషిని విడిచిపెట్టిన్రు. ఇంత అన్యాయం నేను వినలే.

అరుణ కంప్యూటర్ మూసి దాని మీద తల పెట్టుకున్నది. “నేను ఆయన మీదుగా ఎగిరాను మేడమ్. మూడుసార్లు. మర్నాడు ఈ ఫైల్ శుభ్రం చేసింది కూడా నేనే. ఆయన్ని నేనే పొదలు అని నొక్కాను.”

ఆ పిల్ల వీపు మీద చెయ్యేసిన. ఇంకేం చెయ్యను? పెన్ డ్రైవ్‌ల మూడు బొమ్మలు వేయించుకొని కిందికి దిగిన.

*

నా స్కూటీకి ఒరిగి ఉపేందర్ నిలబడి ఉన్నడు.

“నా వెనక తిరుగుతున్నవా అన్నా? అంత కాలం వచ్చిందా నీకు?”

“నువ్వు యాడికి పోతే ఆడ ఏదో ఉంటదని నాకెర్క. ఏం దొరికింది?”

“నీకు చెప్పాల్నా?”

“ఏం దొరకలే అన్నమాట. డోర్కాస్, ఒంటరిగ బతికేటోళ్ళకు గిట్లనే అయితది. దారిల పోయే ప్రతి దుఃఖం నాదే అనుకుంటరు. ఆ లీలమ్మను చూసి నీకు ఏడుపొచ్చింది, కేసు పట్టుకున్నవ్. వాడు దొంగ. ఒప్పుకో.”

నోరు మూసుకొని స్కూటీ ఎక్కితే అయిపోయేది. నా నోరు ఎన్నడన్న మూసుకున్నదా?

“దొంగ మీ రాఘవేందర్! పెట్టె జీపుల వేసుకపోయింది ఆయన. రుజువు ఈ పర్సుల ఉన్నది. మత్తయ్య బతికే ఉన్నడు. బాట మీద ఎవరో చూసి ఏదో దవాఖానల వేసుంటరు. రేపు పొద్దుగాల అన్ని దవాఖానలు తిరుగుత. మత్తయ్యను తీసుకొచ్చి ఆయన నోటితోనే చెప్పిస్త. అప్పుడు నవ్వు అన్నా, నీ నవ్వు!”

ఉపేందర్ నవ్వలే. నన్ను ఒక్క నిమిషం చూసి, స్కూటీ మీద చెయ్యి తీసేసి పోయిండు. గెలిచిన అనుకున్న. ఆ సంతోషంల గదికి పోయి రెండు దవాఖానలకు ఫోన్లు చేసిన, సక్కగ చెప్పినోళ్ళు లేరు. పొద్దున చూద్దామని పండుకున్న.

*

మంగళవారం పొద్దుగాల లీలమ్మను ఎక్కించుకొని పట్నంల పెద్ద దవాఖానలు ముందు చూసిన. పానం మీదికొచ్చిన మనిషిని ఎవరైన పెద్ద దవాఖానకే తీసుకపోతరు గదా అని నా తెలివి. ప్రతి వార్డుల లీలమ్మ ప్రతి మంచం కాడ ఆగింది. మొఖానికి గుడ్డ కప్పిన ఒకాయన పాదాలు చూసి, కాదు అన్నది. ఎవరిని చూసినా కాదు, కాదు. తిరిగి తిరిగి పన్నెండు కావొచ్చేసరికి పాల్మాకుల దగ్గర మెయిన్ రోడ్డు మీదున్న చిన్న మిషన్ దవాఖానకు వచ్చినం. గుట్ట నుంచి స్కూటీ మీద అయిదు నిమిషాలు. మొట్టమొదట రావాల్సిన జాగ.

స్వరాజ్యం అనే నర్సమ్మ మత్తయ్య ఫోటో చూడంగనే తలూపింది.

“అయ్యో, ఈయననే! గురువారం సాయంత్రం పాల వ్యాన్ డ్రైవర్ తీసుకొచ్చిండు. ఒళ్ళు కాలిపోతుండె, ఫిట్స్. రెండు రోజులు సోయి లేదు. పేరు తెల్వదు, ఊరు తెల్వదు. ఎవరన్న తప్పిపోయిన్రా అని పోలీసులను గూడ అడిగినం. ఎవ్వరు లేరన్నరు.”

తప్పిపోయినోళ్ళల్ల ఎట్లుంటడు? దొంగలల్ల ఉన్నడాయె.

లీలమ్మ రెండు చేతులతోని నర్సమ్మ చెయ్యి పట్టుకున్నది. అయిదు దినాలల్ల మొదటిసారి ఏడ్చింది. “బతికిండా తల్లీ? నా మనిషి బతికిండా?”

“బతికిండమ్మా! నిన్నటి సంది జావ తాగుతున్నడు. మాట ఇంక ముద్దముద్దగ వస్తున్నది. లీల, లీల అంటుండె. మేము ఏదో పాట అనుకున్నం.”

“ఏ మంచం?” అని లీలమ్మ అప్పటికే లోపలికి నడుస్తున్నది.

నర్సమ్మ మొఖం మారింది. “మీరు... మీకు తెల్వదా? మీవాళ్ళే వచ్చి తీసుకపోయిన్రు గదా. గంటన్నర అయితుండొచ్చు.”

నేను నర్సమ్మ ముందటికొచ్చిన. “ఎవరు?”

“ఆయన పనిచేసే ఆఫీసు సారంట. ఫోటో ఉన్న కంపెనీ కార్డు చూపెట్టిండు. పట్నంల మంచి దవాఖానల చూపిస్తమన్నడు. ఆ మనిషి రాను రాను అని మంచం ఇనుము పట్టుకున్నడు. మేము... బిమారి మనిషి, తెల్వక చేస్తున్నడు అనుకున్నం.”

“ఏం బండిల పోయిన్రు?”

“జీపు. పైన నిచ్చెన కట్టి ఉన్నది.”

లీలమ్మ నా దిక్కు చూసింది. ఆమెకు ఇంక తెల్వదు. నాకు తెలుసు. ఈ దవాఖాన సంగతి రాఘవేందర్‌కు తట్టేదే కాదు. ఆయనకు శవమే ఎర్క. బతికిండు, దవాఖానల ఉన్నడు అని నిన్న బడంగ్‌పేట్ రోడ్డు మీద మొత్తుకున్నది నేను.

పర్సుల ఫోన్ మోగింది. ఉపేందర్.

“ఏం చెప్పినవ్ ఆయనకు?” అని అరిచిన. వరండాల రోగులు తలలు తిప్పి చూసిన్రు.

“క్లయింట్‌కు రిపోర్ట్ ఇస్త గదా, ఇచ్చిన. అది విడిచిపెట్టు. మంచి మాట చెప్త విను. దొంగ దొరికిండంట. రాఘవేందర్ ఇప్పుడే ఫోన్ చేసిండు. గుట్ట మీదనే ఉన్నడంట, పెట్టె, స్టాండు గూడ పక్కన పెట్టుకొని. తెచ్చి పెట్టపోయి దొరికిపోయిండేమో. సాక్షిగ నన్ను రమ్మన్నడు.”

“ఎప్పుడు రమ్మన్నడు అన్నా?”

“సాయంత్రం. అయిదింటికి.”

దవాఖాన గోడ మీద గడియారం చూసిన. పన్నెండు కూడ కాలే. బయట రోడ్డు మీద తారు మెరుస్తున్నది.

“ఉపేందరన్నా, దొంగ దొరికితే ఇప్పుడే ఉరికి రా అంటరు గదా. అయిదు గంటలు ఆగి రమ్మనుడు ఏంది? నిన్ననే జావ మొదలుపెట్టిన మనిషి. ఆ బండ మీద చెట్టు గూడ లేదు. అయిదింటికి నువ్వు పోతే ఆడ ఎవరుంటరు?”

అవతల బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినొచ్చింది.

“నేను ఎల్బీ నగర్‌ల ఉన్న” అన్నడు. గొంతు వేరేగ ఉన్నది. “ఎంత ఉరికినా గంట పడుతది. నువ్వు దగ్గర్ల ఉన్నవా? డోర్కాస్, నువ్వు దగ్గర్ల ఉన్నవా?”

నేను జవాబు ఇయ్యకముందే గేటు చప్పుడయ్యింది. లీలమ్మకు ఎవ్వరు ఏం చెప్పలే. ఫోన్ల నా మాటలు విని తెలుసుకున్నది. చెప్పులు వరండాలనే విడిచి, కాలే రోడ్డు మీద గుట్ట దిక్కు ఉరుకుతున్నది.